పదో తరగతి పిల్లలకు పార్కులో ఎన్ని గంటలు

పిల్లల్ని టూర్లకు తీసుకెళ్ళే పనిలో కొత్తగా చేరినవాళ్ళు నా దగ్గరకు వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "పార్కులో ఎంతసేపు ఉంచాలండి?" వాళ్ళకు ఒక అంకె కావాలి. నాలుగు గంటలనో, ఆరు గంటలనో నేను చెబితే డైరీలో రాసుకుని వెళ్ళిపోదామని చూస్తారు.

అంకె చెబుతాను. కానీ అది నాకు ఎలా దొరికిందో తెలియకుండా పట్టుకెళితే, మొదట్లో నాలాగే విజిల్ ఊదుకుంటూ తిరుగుతారు.

రాజమండ్రిలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో టూర్ మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. స్కూలు పిల్లల బస్సులన్నీ నావే. తొంభైలలో హైదరాబాదు శివార్లలో పెద్ద పార్కులు వచ్చాక మన గోదావరి జిల్లాల స్కూళ్ళన్నిటికీ ఎక్స్‌కర్షన్ అంటే అదే అయింది. అంతవరకు అన్నవరం, సింహాచలం, విశాఖపట్నం బీచి చూసి వచ్చేసేవాళ్ళు ఒక్కసారిగా అటు తిరిగారు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. బస్సు పార్కు దగ్గర మలుపు తిరగగానే జెయింట్ వీల్ పైభాగం కనిపిస్తుంది. నలభైమంది పిల్లలు ఒక్కసారిగా కిటికీలవైపు వచ్చేస్తారు. బస్సు ఒక పక్కకు ఒరిగినట్టే ఉంటుంది. అలాంటి కేక నేను ఇంకెక్కడా వినలేదు.

ప్రార్థన చేయకుండా ఏ బస్సునూ కదలనివ్వలేదు. ఇది ప్రభువు నాకు అప్పగించిన పని అని నమ్మాను, నమ్ముతున్నాను. "జెయింట్ వీల్ ఎక్కించడం కూడా దేవుడి పనేంటయ్యా?" అని నవ్వినవాళ్ళున్నారు. ఊరంతమంది పిల్లల్ని తీసుకెళ్ళి, సంతోషపెట్టి, ఒక్కరూ తప్పిపోకుండా తల్లుల చేతిలో పెట్టడం కాపరి పని కాకపోతే మరేమిటి?

విజిల్ పట్టిన మొదటి ఏడాది

మొదటి టూరుకు నేను వేసిన టైంటేబుల్ చూస్తే ఎవరైనా మెచ్చుకుంటారు. పద్ధతి నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మా సంఘంలో ఆదివారం ఆరాధనకు ఒక క్రమం ఉంటుంది: ఇన్ని పాటలు, ఇంతసేపు ప్రార్థన, ఇంతసేపు సాక్ష్యాలు, ఆ తరువాత వాక్యం. పార్కును కూడా అలాగే పంచాను. ఒక్కో ఆటకు ఇరవై నిమిషాలు. భోజనానికి నలభై. యంత్రంతో అలలు లేపే కొలనుకు ముప్పావు గంట. సమయం కాగానే విజిల్, లెక్క చూసుకోవడం, తరువాతి ఆట.

అమలాపురం వైపు నుంచి వచ్చిన పదో తరగతి మగపిల్లలు వాళ్ళు. మొదటి ఆట దగ్గరే లైను పాతిక నిమిషాలుంది. పిల్లలు గేటు దగ్గరకు వచ్చేసరికి నేను విజిల్ ఊదాను. రెండో ఆట దగ్గరా అంతే. మూడో దాని దగ్గర సగంమంది ఎక్కారు, సగంమంది ఎక్కలేదు. ఎక్కనివాళ్ళు ఎక్కినవాళ్ళతో మాట్లాడటం మానేశారు. టైంటేబుల్ మాత్రం ఒక్క నిమిషం తప్పలేదు.

తిరుగు ప్రయాణంలో వెనక సీటులోంచి ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"సార్, మీరు చాలా బాగా చూపించారండి."

"సంతోషం బాబూ."

"లైన్లండి. హైదరాబాదులో లైన్లన్నీ చూసేశాం."

బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు. నేనూ నవ్వక తప్పలేదు.

వాచీ లేకుండా ఒక రోజు

మా యజమాని సత్తిరాజు గారు. కోరుకొండ నరసింహస్వామికి పరమ భక్తులు. బస్సు కదిలేటప్పుడు నాది ప్రార్థన, ఆయనది కొబ్బరికాయ. "ఇద్దరిలో ఎవరు ముందు కానిచ్చినా పర్లేదుగానీ బస్సు మాత్రం కదలాలయ్యా" అనేవారు. చదువు పెద్దగా లేదు కానీ, మనుషుల్ని చూడగానే అర్థం చేసుకునేవారు.

ఆ టూరు నుంచి రాగానే నన్ను పిలిచారు.

"ఏవయ్యా సుందర్రావూ, ఎలా జరిగింది?"

"అన్నీ టైముకే అయిపోయాయండి."

"నేనడిగింది టైము సంగతి కాదయ్యా. పిల్లలు ఎలా ఉన్నారు?"

లైన్ల సంగతి డ్రైవరు ముందే చెప్పేసినట్టున్నాడు. ఆయన చెయ్యి చాచారు.

"ఆ వాచీ ఇలా ఇయ్యి."

ఇచ్చాను. సొరుగులో పడేసి తాళం వేశారు.

"రేపు రాత్రి బండికి నువ్వొక్కడివే వెళ్ళు. బస్సు లేదు, పిల్లల్లేరు. పొద్దున్న గేటు తీసేటప్పుడు లోపలికెళ్ళి, మూసేటప్పుడు బయటికి రా. ఏం చూశావో వచ్చి చెప్పు. ఊరికే కూచోకు, అన్నీ ఎక్కు."

"నేనా అండి? నలభై ఏళ్ళొచ్చాయండి నాకు."

"అయితే ఏంటి, ఇంకా బతికే ఉన్నావుగా!"

వెళ్ళాను. నా వృత్తిలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ ఒక్క రోజున నేర్చుకున్నదే. పై నుంచి ఒక్కసారిగా జారిపడే బండి ఎక్కినప్పుడు నేను "యేసయ్యా!" అని అరిచాను. పక్క సీటాయన అదే సమయానికి "గోవిందా!" అని అరిచాడు. దిగాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్ళీ వెళ్ళి అదే లైనులో నిలబడ్డాం.

అక్కడే నాకు వెలిగింది. మిగతా రోజంతా పిల్లల్ని గమనిస్తూ తిరిగాను. చిన్నపిల్లలు కొత్తది కావాలంటారు. పెద్దవాళ్ళు నీడ కావాలంటారు. పధ్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు మాత్రం ఎక్కినదే మళ్ళీ ఎక్కుతామంటారు. మొదటిసారి భయంతో కళ్ళు మూసుకుంటారు. రెండోసారి కళ్ళు తెరుస్తారు. మూడోసారి చేతులు పైకెత్తుతారు. ఆ మూడోసారి కోసమే వాళ్ళు వచ్చింది. నా టైంటేబుల్లో అన్నీ ఒక్కొక్కసారే ఉన్నాయి. అంటే భయం దగ్గరే ఆపి, పిల్లల్ని ఇంటికి పట్టుకొచ్చేశానన్నమాట.

అంకె

ఆ తరువాత రెండు మూడు ఏళ్ళు బస్సులు తిప్పాక నాకు కుదిరిన లెక్క ఇది. గేటు తీయగానే లోపలుండాలి. మొత్తం ఏడు గంటలు. అందులో నీళ్ళకు రెండు గంటలకు తక్కువ వద్దు. మధ్యాహ్నం ఎండ వేళ అయితే మేలు. నీళ్ళలోంచి వచ్చాక ఒక గంట ఏ పనీ పెట్టకండి. తడి జుట్టుతో కూర్చుని బజ్జీలు తింటూ, పొద్దున్న జరిగినవన్నీ ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ గంటను చాలామంది మేనేజర్లు వృథా అనుకుని కోసేస్తారు. నన్నడిగితే ఒక ఆట తగ్గించండి గానీ ఆ గంట తగ్గించకండి.

పిల్లల్ని నలుగురేసి గుంపులుగా చేయండి. గుంపులో ఒకరు తప్పిపోతే మిగతా ముగ్గురే వచ్చి చెబుతారు. ఒక చోటు చూపించి రెండు గంటలకు ఒకసారి అక్కడికి రమ్మనండి. వెంటబడకండి. వెంటబడితే దాక్కుంటారు, వదిలేస్తే వెతుక్కుంటూ వస్తారు. తిరిగే ఆటలకు ముందు బిర్యానీ పెట్టకండి. ఈ సంగతి ఎలా నేర్చుకున్నానో వివరించను. బస్సు కడిగిన క్లీనరుకు తెలుసు.

ఇంకో మాట కఠినంగానే చెబుతాను. ఒకే రోజులో పార్కు, కోట, మ్యూజియం, బజారు చూపిస్తామని కరపత్రం వేసే ఆఫీసులో చేరకండి. అది బస్సును తిప్పడమే, పిల్లల్ని తిప్పడం కాదు.

ఇంత తెలిసి కూడా నేను ఒక పెద్ద తప్పు చేశాను. మీకు అసలు చెప్పాలనుకున్నది అదే.

మూడు గంటలకు బయల్దేరతానన్న మాట

రాజమండ్రికి దగ్గర్లో మా సంఘంవాళ్ళే నడిపే ఒక ఆడపిల్లల హైస్కూలు ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మొట్టమొదటిసారి పదో తరగతి పిల్లల్ని పార్కుకు పంపాలని హెడ్‌మిస్ట్రెస్ గ్రేసమ్మ గారు పట్టుబట్టారు. సంఘ పెద్దలు ఒప్పుకోవాలి. అందులో ముఖ్యులు ఏసుదాసు గారు. పంట కాలువ మీద లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పడవైనా, నీళ్ళైనా ఆయన తలుపు తీసిన టైముకే కదలాలి. మనుషులూ అంతే. లాకుల దగ్గర మునిగిపోయినవాళ్ళను చాలామందిని బయటికి తీసిన చేతులాయనవి. అందుకే మనవరాలు సుగుణను కాలువ మెట్లు కూడా దిగనిచ్చేవారు కాదు. ఆ పిల్ల కూడా ఈ పదో తరగతిలోనే ఉంది.

అప్పట్లో స్కూలు టూర్లన్నీ ఒకటే పద్ధతి. రెండో శనివారం సెలవు చూసుకుని శుక్రవారం సాయంత్రం బయల్దేరడం, శనివారం పార్కు, ఆదివారం తెల్లవారేసరికి ఇల్లు. బడి పోదు. అందరూ అలాగే చేసేవారు, నేనూ అలాగే వేశాను. స్కూల్లో గ్రేసమ్మ గారి గదిలో ఏసుదాసు గారు కాగితం చూసి కళ్ళజోడు తీశారు.

"పార్కులోంచి ఐదున్నరకి బయల్దేరతారా? ఇంటికెప్పుడు చేరతారు?"

"పొద్దున్న ఆరున్నర, ఏడవుతుందండి."

"తొమ్మిదింటికి ఆరాధన. నిద్ర లేకుండా వచ్చి చాపల మీద తూలతారా? కుదరదు. మూడింటికి పార్కు దాటాలి. తెల్లారకముందే వచ్చి, ఓ కునుకు తీసి, తలస్నానం చేసి రావాలి."

"మూడింటికంటే చాలదండి…"

"చాలకపోతే మానెయ్యండి. ఇది మొదటిసారి. సరిగ్గా తీసుకొస్తే వచ్చే ఏడు తొమ్మిదో తరగతివాళ్ళని పంపుతాం. లేదా, ఇదే ఆఖరు."

గ్రేసమ్మ గారు నా వైపు చూశారు. వెనక తొమ్మిదో తరగతి పిల్లలు గుమ్మం పట్టుకుని వింటున్నారు. ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి, మూడింటికి బయల్దేరతానని మాట ఇచ్చేశాను. ఏడు గంటలు కావాలని తెలుసు. నాలుగున్నర గంటలకు ఒప్పుకున్నాను. పెద్దల ముందు 'చాలదు' అనే మాట గట్టిగా చెప్పలేకపోవడం మన ఉద్యోగంలో పెద్ద లోపం. నేను దాన్ని వినయమనుకున్నాను. అది పిరికితనం.

తాడు దగ్గర

ఆ శనివారం పొద్దున్న ఆటలు బ్రహ్మాండంగా సాగాయి. ఒంటిగంటకు నీళ్ళ దగ్గరకు చేరాం. ఆడవాళ్ళకు తాడు కట్టి వేరే వైపు ఇచ్చారు. అక్కడే వచ్చింది చిక్కు. పార్కువాళ్ళు ఇచ్చే నైలాను బట్టలు వేసుకుంటేనే కొలనులోకి రానిస్తారు. మన పిల్లలు వేసుకున్నారు గానీ, వేసుకున్నవాళ్ళు గదిలోంచి బయటికి రారు. వచ్చినవాళ్ళు పైన చున్నీలు కప్పుకుని గట్టున వరసగా కూర్చున్నారు. అరగంట గడిచింది. గంట గడిచింది. అలలు వస్తున్నాయి, పోతున్నాయి, వీళ్ళు చూస్తున్నారు.

రెండుంబావుకు గ్రేసమ్మ గారు తాడు దగ్గరకు వచ్చి కళ్ళజోడు నా చేతిలో పెట్టారు. యాభై ఏళ్ళ మనిషి, లెక్కల టీచరు, ఆవిడ గట్టిగా నవ్వడం ఎవరూ చూడలేదు.

"సుందర్రావు గారూ, ఇది జాగ్రత్తండి. పోయిందంటే నాకు మీరూ ఒకటే, గోడా ఒకటే."

వెళ్ళి నీళ్ళలోకి దిగిపోయారు. అల వచ్చి మీద పడింది. తల పైకెత్తి, "ఓసి పిల్లల్లారా, బాగుందే!" అని అరిచారు. అంతే. చున్నీలు గట్టున పడ్డాయి, పిల్లలు నీళ్ళలో పడ్డారు. నలభైమంది కేకలకు అవతలి వైపువాళ్ళు కూడా ఆగి చూశారు. గట్టు మీద సుగుణ ఒక్కతే మిగిలింది.

మూడింటికి పదిహేను నిమిషాలుంది. పరుగున ఫోను బూతుకు వెళ్ళి ఏసుదాసు గారి పక్కింటికి ఫోను కలిపి, ఆయన్ని పిలిపించాను.

"వందనాలండి. పిల్లలు ఇప్పుడే నీళ్ళలో దిగారండి. ఇంకొంచెం సేపు…"

"మూడింటికని మాటిచ్చారా, లేదా?"

"ఇచ్చానండి."

"మరి ఫోనెందుకు?"

పెట్టేశారు.

విజిల్ చేతిలో పట్టుకుని తాడు దగ్గరకు వచ్చాను. మూడు అయింది. సుగుణ మెట్టు మీద నిలబడి ఉంది, నీళ్ళు చీలమండల దాకా. గ్రేసమ్మ గారు చెయ్యి చాచి, "నేనున్నాగా, రావే" అంటున్నారు. ఆ పిల్ల ఒక మెట్టు దిగింది. అల వస్తోందని సైరన్ మోగింది. వెనక్కి పరిగెత్తుతుందనుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని, టీచరు చెయ్యి పట్టుకుని, అక్కడే నిలబడింది. అల వచ్చి మోకాళ్ళ దాకా తడిపి వెనక్కి పోయింది. అప్పుడు కళ్ళు తెరిచింది.

కళ్ళు మూసుకున్న పిల్లను అక్కడే ఆపి ఇంటికి తీసుకెళ్ళడం ఏమిటో నాకు తెలుసు. ఇచ్చిన మాట తప్పకూడదని వాక్యం చెబుతుంది. విశ్రాంతి దినం మనిషి కోసమే గాని మనిషి దాని కోసం కాదని కూడా వాక్యమే చెబుతుంది. ఆ రెండింటి మధ్య నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. విజిల్ జేబులో వేసుకున్నాను. వచ్చే ఏడు రావలసిన తొమ్మిదో తరగతి పిల్లలు గుర్తొచ్చారు. ప్రభువా, నా తప్పుకు వాళ్ళను శిక్షించకు అని ప్రార్థన చేసుకుని, ఐదింటి దాకా అక్కడే ఉన్నాను. ఆ రెండు గంటల్లో విన్న కేకలూ నవ్వులూ అన్నీ నాకు స్తుతి గానంలాగే వినిపించాయి.

సాక్ష్యాల సమయం

ఐదున్నరకు బయల్దేరాం. గట్టున తడిసిన చున్నీలను కిటికీలకు ఆరేశారు. బస్సు పొడుగునా రంగురంగుల జెండాలు కట్టినట్టుంది. అన్నీ సవ్యంగా ఉంటే పొద్దున్న ఆరున్నరకే చేరేవాళ్ళం. కానీ కొవ్వూరు దగ్గర బ్రిడ్జి మీద ఒక లారీ ఆగిపోయి, గోదావరి అవతల రాజమండ్రి కనిపిస్తూ ఉండగానే మూడు గంటలు కూర్చోబెట్టింది.

మందిరం దగ్గరకు చేరేసరికి లోపల పాటలు అయిపోతున్నాయి. తల్లిదండ్రులంతా అక్కడే ఉన్నారు. ఇళ్ళకు వెళ్ళే వేళ లేదు. ఆరిన చున్నీలు కిటికీల నుంచి విప్పి తలల మీద ముసుగులు వేసుకుని, పిల్లలు వరసగా లోపలికి నడిచారు. మొహాలు ఎండకు కమిలి ఉన్నాయి. ఒక్కరి కళ్ళలోనూ నిద్ర లేదు.

మా దగ్గర వాక్యానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఆ వారం ప్రభువు తమకు చేసిన మేలు ఎవరైనా నిలబడి చెప్పవచ్చు. ఏసుదాసు గారు లేచి నన్ను చూశారు.

"సుందర్రావు గారు ముందు మాట్లాడాలి."

లేచాను. "మూడింటికి బయల్దేరతానని ఇక్కడే మాటిచ్చాను. తప్పాను. బ్రిడ్జి మీద ఆలస్యం నా చేతిలో లేదు గానీ, అంతకుముందు ఆలస్యం నేనే చేశాను. నన్ను క్షమించండి. తప్పు పిల్లల మీద, టీచరు గారి మీద పెట్టకండి" అన్నాను.

ఆడవాళ్ళ వైపు నుంచి సుగుణ నిలబడింది. అంతకుముందు ఎప్పుడూ సాక్ష్యం చెప్పని పిల్ల.

"ప్రభువుకు స్తోత్రం. నాకు నీళ్ళంటే భయం. నిన్న నీళ్ళలో దిగానండి."

ఏసుదాసు గారు కుర్చీ వదిలి రెండడుగులు ముందుకు వచ్చారు. అడగకుండా ఉండలేకపోయారు.

"ఎంత లోతమ్మా?"

"మొదట మోకాళ్ళ దాకా తాతయ్యా. తరవాత నడుం దాకా."

"భయం వెయ్యలేదా?"

"వేసింది. కళ్ళు మూసుకున్నాను. రెండోసారి మూసుకోలేదు. మూడోసారి టీచరు గారి చెయ్యి వదిలేశాను." నా వైపు చూసింది. "సార్ విజిల్ ఊదుంటే మొదటిసారితో అయిపోయేది తాతయ్యా."

ఏసుదాసు గారు మనవరాలిని కూర్చోమని సైగ చేశారు. తరువాత నా వైపు తిరిగారు.

"మాట తప్పడం తప్పే సుందర్రావు గారూ."

"ఔనండి."

"అంతకన్నా పెద్ద తప్పు, ఆ మాట ఇయ్యడం. చాలదని మీకు తెలుసు. నాకు తెలీదు. తెలిసినవాళ్ళు గట్టిగా చెప్పాలి కదండీ?"

ఆయన అక్కడితో ఆగక గ్రేసమ్మ గారి వైపు కూడా తిరిగారు.

"అసలు శనివారం ఎవరు పెట్టమన్నారు? ఆదివారాన్ని వెనకాల పెట్టుకుని పరిగెత్తడమేంటి! గురువారం సాయంత్రం బయల్దేరండి. శుక్రవారం గేటు మూసేదాకా ఉండండి. శనివారం ఎప్పుడొచ్చినా ఎవరూ అడగరు."

గ్రేసమ్మ గారు మెల్లగా అన్నారు. "శుక్రవారం బడుందండి."

"ఒక్కరోజు మూసెయ్యండి టీచరు గారూ. నేను పెద్దల చేత సంతకాలు పెట్టిస్తాను. వచ్చే ఏడు నుంచి అలాగే."

ఆయన ఇంకా కూర్చోనేలేదు. వెనక చాపల మీద నుంచి తొమ్మిదో తరగతి పిల్లలంతా ఒక్క గొంతుతో "ఆమేన్!" అన్నారు.